సమాచారం నిజమే, కానీ అది ఎవరి కోసం రాసింది?

గోదావరి డెల్టాలో ఇప్పుడు ఆరోగ్య సమాచారానికి కరువు లేదు. పిల్లాడికి ఒళ్లు కాలిపోతోందని రాత్రి పదింటికి రాజోలులో ఒక తల్లి ఫోన్ తీస్తే చాలు. అమెరికా ఆసుపత్రి పేజీ, హైదరాబాద్ డాక్టరు గారి వీడియో, బంధువుల గ్రూపులో తిరుగుతున్న ఫార్వర్డు, వీటన్నిటికీ పైన ఏఐ రాసిపెట్టిన నాలుగు వాక్యాల జవాబు ఒకేసారి ముందుకొస్తాయి. వీటిలో నకిలీని ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ జాగ్రత్త అవసరమే. అయితే గోదావరి జిల్లాల్లో అంతకన్నా తేలిగ్గా కంటికి ఆనని చిక్కు ఒకటుంది. పేజీలో రాసింది అక్షరాలా నిజమే అయివుంటుంది, రాసింది పెద్ద ఆసుపత్రే అయివుంటుంది. కానీ అది వేరే దేశపు మందు సీసా గురించో, వేరే పాము గురించో, వేరే జబ్బున్న మనిషి గురించో రాసింది. దాన్ని ఇక్కడికి తెచ్చి వాడినప్పుడు నిజమే హాని చేస్తుంది. అందుకే ఏ పేజీ తెరిచినా ‘ఇది నిజమా’ అనే ప్రశ్నతో పాటు ‘ఇది ఎవరి కోసం రాశారు’ అనే ప్రశ్న కూడా వేయాలి.

సీసా మీది అంకె

జ్వరం మందు పారాసిటమాల్‌నే తీసుకుందాం. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తంలో నాలుగుసార్లకు మించకుండా. ఇంతవరకు ఏ దేశంలోనైనా దాదాపు ఒకటే. తేడా అంతా సీసాలోనే ఉంది.

అమెరికాలో ఈ మందును ఎసిటమినోఫెన్ అంటారు. అక్కడి పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అక్కడి పట్టిక చూస్తే 12 కిలోల బిడ్డకు 5 మిల్లీలీటర్లు పట్టమని ఉంటుంది. లెక్క సరిపోయింది. మన మందుల షాపులో అదే మందు కనీసం మూడు రకాల బలంతో దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల సిరప్, 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల సిరప్, ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందు. ఆ అమెరికా పట్టిక చూసి 250 సిరప్‌ను 5 మిల్లీలీటర్లు పట్టితే బిడ్డకు 250 మిల్లీగ్రాములు పడతాయి, అంటే కిలోకు 20 దాటింది. చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పట్టితే 500 మిల్లీగ్రాములు, కిలోకు 40 పైనే. ఒకసారి ఎక్కువైతే ఏమీ కాకపోవచ్చు. జ్వరం దిగలేదని రెండు మూడు రోజులు అలాగే పడుతూ పోతే దెబ్బ కాలేయం మీద పడుతుంది. ఆ జ్వరం డెంగీ అయితే కాలేయం అప్పటికే నలిగి ఉంటుంది.

సరైన లెక్క చిన్నదే. బిడ్డ బరువును 12తోనో 13తోనో హెచ్చించాలి. 12 కిలోలకు సుమారు 150 మిల్లీగ్రాములు వస్తుంది. తర్వాత సీసా లేబుల్ మీద ‘ప్రతి 5 మి.లీ.లో’ అని రాసిన చోట అంకె చూడాలి. 250 సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు, 120 సిరప్ అయితే 6 మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువ, చుక్కల మందు అయితే 1.5 మిల్లీలీటర్లు. కొలవడానికి సీసాతో వచ్చిన మూతో, సూది లేని సిరంజీయో వాడాలి. ఇంట్లో చెంచాలన్నీ ఒక కొలతవి కావు. ఇంకో జాగ్రత్త: జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. రెండు సీసాల వెనక ఉన్న మందుల జాబితా చదవకుండా రెండూ పట్టితే మోతాదు రెట్టింపవుతుంది. పాత పేజీల్లో కనిపించే నిమెసులైడ్‌ను మన దేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లోనే నిషేధించారు. పేజీ మీద తేదీ ఎందుకు చూడాలో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఓఆర్‌ఎస్ విషయంలోనూ ఇదే తంటా. వరద వచ్చి లంక గ్రామాల్లో విరేచనాలు మొదలైతే ముందు కావలసింది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం 20.5 గ్రాముల ప్యాకెట్‌ను సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. బిడ్డ కొంచెమే తాగుతుంది కదా అని ఆ ప్యాకెట్ మొత్తాన్ని గ్లాసులో కలిపితే ఉప్పు ప్రమాదకరమైన స్థాయికి పెరుగుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి. షాపుల్లో అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాల మీద ఇన్నాళ్లూ ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు కనిపించేవి. ఆ సూత్రం పాటించని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అంతకుముందు తీసిన వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

పాము కాటు: ఆస్ట్రేలియా సలహా, సార్వా చేను

సార్వా (ఖరీఫ్) కోతల్లోనూ దాళ్వా (రబీ) ఊడ్పుల్లోనూ గట్ల మీద, గడ్డివాముల దగ్గర పాము కాటు భయం డెల్టా రైతుకూలీలకు తెలిసిందే. ఇంగ్లిష్‌లో వెతికితే బాగా నమ్మదగిన సంస్థల పేజీలే పైకి వస్తాయి, వాటిలో ఆస్ట్రేలియావీ ఉంటాయి. కాటు పడిన కాలికో చేతికో కింది నుంచి పై దాకా సాగే బ్యాండేజీ గట్టిగా చుట్టమని ఆ ఆస్ట్రేలియా పేజీలు చెబుతాయి. అక్కడి విషసర్పాలు చాలావరకు నరాల మీద, రక్తం మీద పనిచేసేవి. కాటు చోట కండను అంతగా పాడుచేయవు. అందుకే అక్కడ ఆ పద్ధతి సరైనది.

మన చేలల్లో రక్తపింజరి ఉంది. దాని విషం కాటు పడిన చోటే కండను కుళ్లబెడుతుంది, వాపు తెస్తుంది, రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. గట్టిగా చుట్టి విషాన్ని ఒకేచోట బిగించి ఉంచితే ఆ భాగానికి మరింత నష్టం. ఇక తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏ దేశపు మార్గదర్శకాల్లోనూ లేవు. బిగించిన కట్టును ఆసుపత్రిలో ఒక్కసారిగా విప్పితే అప్పటిదాకా ఆగిన విషం ఒక్క ఊపున ఒళ్లంతా పాకుతుంది. అమెరికా పేజీల్లో రాసే విరుగుడు మందుల పేర్లు అక్కడి పాములకు సంబంధించినవి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటికి కలిపి తయారుచేసింది.

మన దేశపు మార్గదర్శకాలు చెప్పేది తక్కువ మాటల్లోనే ఉంది. మనిషికి ధైర్యం చెప్పాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద పెట్టి, బిగించకుండా, ఆ కాలు కదలకుండా ఉంచాలి. 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కాటు ఎన్ని గంటలకు పడింది, ఆ తర్వాత ఏమేం మారింది అన్నది డాక్టరుకు చెప్పాలి. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు. ఆసుపత్రిలో చేసే మొదటి పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఒంట్లోకి చేరినట్టు, విరుగుడు మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా ఫలితం తప్పుతుంది.

కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్న వాళ్లను కాటేస్తుంది, చాలాసార్లు వాపు ఉండదు, నొప్పీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. ‘వాపు లేకపోతే విషం ఎక్కనట్టే’ అని చెప్పే వీడియో ఈ ఒక్క పాము దగ్గరే ప్రాణం తీయగలదు.

కొబ్బరినీళ్లు, కిడ్నీ, లెక్కల కొలమానాలు

కోనసీమలో కొబ్బరిబోండం మంచిదని చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆరోగ్యవంతుడికి, ఎండన పడి పనిచేసేవాడికి అది మంచిదే. ‘కిడ్నీలను కడిగేస్తుంది’ అన్న మాటతోనే గొడవ మొదలవుతుంది. కొబ్బరినీళ్లలో 100 మిల్లీలీటర్లకు సుమారు 200 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెద్ద బోండం ఒకటి తాగితే 600 నుంచి 1,000 మిల్లీగ్రాములు చేరుతుంది. మూత్రపిండాలు బాగా పనిచేస్తే అదంతా బయటికి పోతుంది. అవి దెబ్బతిన్న మనిషికి డాక్టరు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల దరిదాపుల్లో హద్దు పెట్టి ఉండొచ్చు. పైగా టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరొనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు పొటాషియంను ఒంట్లోనే నిలిపి ఉంచుతాయి. రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అదీ ముందస్తు హెచ్చరిక ఏమీ లేకుండా.

బీపీ ఉన్నవాళ్లకు మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ పొటాషియం క్లోరైడే కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇంట్లో మామూలు ఉప్పుకు బదులు ఇలాంటి ఉప్పు వాడడాన్ని సమర్థిస్తూ మార్గదర్శకం ఇచ్చింది. అదే పత్రంలో ఈ సిఫారసు మూత్రపిండాల జబ్బున్న వాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు వర్తించదని కూడా ఉంది. వార్తల్లో, ఫార్వర్డుల్లో మొదటి సగం మిగిలింది, రెండో సగం జారిపోయింది. ఏ సిఫారసులోనైనా ‘ఎవరికి వర్తించదు’ అనే వాక్యం వెతికి పట్టుకోవడం అలవాటైతే సగం ప్రమాదం తప్పుతుంది. మంచి పేజీల్లో ఆ వాక్యం తప్పకుండా ఉంటుంది. అది లేని పేజీని, అమ్మేవాడి కరపత్రాన్ని ఒకే గాటన కట్టొచ్చు.

కొలమానాల తేడా కూడా మనుషుల్ని అనవసరంగా భయపెడుతుంది, కొన్నిసార్లు అనవసరంగా ధైర్యం ఇస్తుంది. బ్రిటన్ పేజీలో పరగడుపు షుగర్ 7, ఆపైన ఉంటే మధుమేహం అని ఉంటుంది. భీమవరం ల్యాబ్ రిపోర్టులో 110 అని ఉంటుంది. అక్కడి అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది: 7 అంటే 126. కొలెస్టరాల్‌కు 38.7తో హెచ్చించాలి, క్రియాటినిన్‌కైతే అక్కడి అంకెను 88.4తో భాగించాలి. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) శాతంలో 6.5, ఆపైన ఉంటే మధుమేహం. ఒక్కసారి చేసిన ఒక్క పరీక్షతో, లక్షణాలేమీ లేనప్పుడు, ఎవరూ రోగి అయిపోరు. రెండోసారి చేసి నిర్ధారిస్తారు.

తగ్గింది కాబట్టి పనిచేసిందా?

పచ్చకామెర్లకు పసరు పోసే చోటుకు వెళ్లొచ్చి తగ్గినవాళ్లు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రెండూ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా, తాగకపోయినా. కెమెరా ముందు నిలబడి ‘నాకు తగ్గింది’ అనే మనిషి నిజమే చెబుతున్నాడు, ఎందుకు తగ్గిందో మాత్రం ఆ వీడియో చెప్పలేదు. తగ్గనివాళ్లు కెమెరా ముందుకు రారు.

ఇక్కడ ఖర్చయ్యేది డబ్బు కన్నా ఎక్కువగా సమయం. కళ్లు పచ్చబడడం జబ్బు పేరు కాదు, లక్షణం. అది పిత్తనాళంలో రాయి వల్ల కావచ్చు, హెపటైటిస్ బి కావచ్చు, చేలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి పనిచేసిన మనిషికి ఎలుక జ్వరం కావచ్చు. ఎలుక జ్వరంలో పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడడం, మూత్రం తగ్గడం కూడా కనిపిస్తాయి. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి మామూలు మందులతో తొలిరోజుల్లో నయమయ్యే జబ్బు అది. పసరు పథ్యంలో వారం గడిస్తే మూత్రపిండాలు ఆగిపోయే దశకు చేరొచ్చు. గర్భిణికి ఆఖరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆమెను ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచి చూడకూడదు.

డెంగీలో బొప్పాయి ఆకు రసం కథా ఇలాంటిదే. జ్వరం మొదలైన మూడు రోజుల తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోతాయి. నాలుగు నుంచి ఆరో రోజు మధ్య, జ్వరం దిగుతున్నప్పుడే, అసలు ప్రమాద ఘడియలు. అవి దాటాక ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. అంకె బాగా పడిందని ఐదో రోజున రసం పోస్తే ఏడో రోజు పెరుగుదల రసం ఖాతాలో పడుతుంది. బొప్పాయి ఆకు సారం మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నమాట నిజమే, కొన్నింటిలో ప్లేట్‌లెట్లు కాస్త ముందుగా పెరిగాయి. దానివల్ల మరణాలు తగ్గాయన్న రుజువు మాత్రం లేదు. డెంగీలో మనిషిని చంపేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి బీపీ పడిపోవడం. దాన్ని పట్టిచ్చేది ప్లేట్‌లెట్ల అంకె కన్నా రిపోర్టులో పక్కనే ఉండే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) అంకె. అది మామూలు స్థాయి నుంచి ఐదో వంతు పెరిగిందంటే నీరు కారుతున్నట్టు. రక్తస్రావం లేనప్పుడు 10,000 కన్నా తగ్గితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని సాధారణంగా లేదని జాతీయ మార్గదర్శకాలు అంటాయి. ఇంట్లో వాళ్లు చూడాల్సినవి వేరే: ఆగని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగతగా ఉండడం, మూత్రం తగ్గడం. వీటిలో ఒక్కటి కనబడినా ఆసుపత్రికే. ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు. పరీక్షల్లోనూ రోజు లెక్క ఉంది: ఎన్‌ఎస్1 మొదటి ఐదు రోజుల్లో, ఐజీఎం ఆ తర్వాత. కార్డు మీద చేసే తక్షణ పరీక్షను జాతీయ కార్యక్రమం నిర్ధారణగా లెక్కించదు, ల్యాబ్‌లో ఎలైసా పద్ధతిలో చేసినదే లెక్క.

బోదకాలు మాత్రల విషయంలో కారణాన్ని తలకిందులుగా చదివి ఊళ్లకు ఊళ్లే నష్టపోయాయి. సామూహిక మందుల పంపిణీలో పెద్దలకు డీఈసీ 300 మిల్లీగ్రాములు, అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఇస్తారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. మాత్ర వేసుకున్న రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు వస్తాయి. మర్నాటికి ‘మాత్రలు వికటించాయి’ అని ఫోన్లలో తిరుగుతుంది. రక్తంలో సూక్ష్మ క్రిములు ఉన్నవాళ్లలో అవి చచ్చేటప్పుడు ఒళ్లు చూపే స్పందన అది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అంటే ఆ జ్వరం వచ్చిన మనిషికే ఆ మాత్ర అందరికన్నా ఎక్కువ అవసరం ఉంది. ఇక కాలు ఇప్పటికే ఉబ్బిన వాళ్లకు నూనెలూ లేపనాలూ అమ్మే ప్రకటనల కన్నా మేలు చేసేది రోజుకు రెండుసార్లు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడిలేకుండా తుడిచి, పగుళ్లకు వెంటనే మందు రాయడం. జ్వరంతో కూడిన వాపు దాడులు తగ్గేది దీనివల్లే.

పేజీని ఎలా చదవాలి

వెతుకులాట మొదటి మెట్టులోనే ఫలితం సగం నిర్ణయమైపోతుంది. ‘నరాల వీక్‌నెస్’, ‘గ్యాస్ ట్రబుల్’ అని వెతికితే అమ్మకాలే ఎదురవుతాయి. ఓపీ చీటీ మీద డాక్టరు రాసిన జబ్బు పేరును, మాత్రల అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరును యథాతథంగా టైప్ చేయాలి. చీటీ అర్థం కాకపోతే మందుల షాపులోనో, ఏఎన్‌ఎం చేతనో స్పష్టంగా రాయించుకోవాలి. ఫలితాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉన్నవి డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న ప్రకటనలు, వాటిని దాటి కిందికి వెళ్లాలి. సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో సైట్ అనే మాట, దాని వెంటనే కోలన్, ఖాళీ వదలకుండా జీఓవీ డాట్ ఇన్ అని కలిపి (site:gov.in) టైప్ చేస్తే మన ప్రభుత్వ సైట్లలో ఉన్నవే వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైట్‌కూ ఇదే కిటుకు పనిచేస్తుంది.

ఎక్కడ చూడాలన్నది ప్రశ్నను బట్టి మారుతుంది. జబ్బు అంటే ఏమిటో, మందు పనేమిటో, దుష్ప్రభావాలేమిటో మామూలు మాటల్లో తెలుసుకోవడానికి అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ సైట్ చక్కగా ఉంటాయి. ప్రకటనలు ఉండవు, ప్రతి పేజీ కింద సమీక్షించిన తేదీ ఉంటుంది. మోతాదు, పాము, జ్వరాలు, టీకాల దగ్గరికి వచ్చేసరికి మన దేశపు మూలాలే చూడాలి. డెంగీ, మలేరియా, బోదకాలుకు జాతీయ కీటకజనిత వ్యాధుల నియంత్రణ కేంద్రం, చికిత్స క్రమానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విడుదల చేసిన ప్రామాణిక చికిత్సా పటాలు, తిండి విషయాలకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు. ఒక చికిత్సకు రుజువు ఉందా లేదా అన్న ప్రశ్నకు కాక్రేన్ సమీక్షల (ఒక చికిత్స మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి తూచేవి) సరళ సారాంశాలను మించినవి దాదాపు లేవు.

ఇవి చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయన్నది బాధాకరమైన సంగతి. నమ్మదగిన సంస్థలు తెలుగులో రాయకపోవడం వల్లే ఆ ఖాళీని చిట్కాల చానెళ్లు నింపాయి. బ్రౌజర్ చేసే తెలుగు అనువాదం విషయం పట్టుకోవడానికి సరిపోతుంది, అంకెలకూ నిషేధాలకూ సరిపోదు. ‘ఇవ్వకూడదు’ అన్నది ‘ఇవ్వవచ్చు’గా మారే సందర్భాలుంటాయి. మోతాదు ఉన్న వాక్యాన్ని మూలంలో ఒకసారి చూసుకుని, ఇంగ్లిష్ చదివే ఇంటర్ పిల్లాడి చేతనైనా చదివించుకోవాలి.

పేజీ కింద ముద్రలను చూసి మోసపోకూడదు. హాన్‌కోడ్ అనే గుర్తును ఆరోగ్య సైట్లకు జెనీవాలోని ఒక సంస్థ ఏళ్ల తరబడి ఇచ్చేది. 2022 డిసెంబరులో ఆ సంస్థ పని ఆపేసింది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ ముద్ర కనిపిస్తే ఆ పేజీని ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం. అలాగే ‘పబ్‌మెడ్‌లో ఉంది’ అంటే అమెరికా ప్రభుత్వం ఆమోదించిందని చాలామంది అనుకుంటారు. పబ్‌మెడ్ పరిశోధన పత్రాల సూచిక మాత్రమే. అక్కడ గాజు గొట్టంలో కణాల మీద చేసిన పని ఉంటుంది, ఎలుకల మీద చేసింది ఉంటుంది, పది వేలమంది మనుషుల మీద చేసిందీ ఉంటుంది. మనుషుల మీద చేశారా, మందు ఇవ్వని మరో గుంపుతో పోల్చారా, చివరికి చూసింది ల్యాబ్ అంకెనా లేక మనిషి బతకడాన్నా అనే మూడు సంగతులు సారాంశంలోనే దొరుకుతాయి. ‘ముప్పు 50 శాతం తగ్గింది’ అన్నప్పుడు ఎంత నుంచి ఎంతకు అని అడగాలి. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చేది ఒకరికి వచ్చినా అది 50 శాతమే.

అమ్మకం ఉన్న చోట చట్టమే ఒక జల్లెడ ఇచ్చింది. 1954 నాటి మందులు, అద్భుత చికిత్సల ప్రకటనల చట్టం షెడ్యూలులో మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం, బీపీ, కిడ్నీ రాళ్లు, వరిబీజం, మూర్ఛ లాంటి జబ్బులున్నాయి. వాటిని నయం చేస్తామని ప్రజలకు ప్రకటన ఇవ్వడమే నేరం. ‘షుగర్ శాశ్వతంగా మాయం’ అన్న ప్రకటన కనిపించిన క్షణాన మందు గుణం గురించి ఆలోచించే అవసరమే లేదు, ప్రకటన ఇచ్చినవాడు చట్టం దాటాడు.

వీడియో, ఫార్వర్డు, ఏఐ

వీడియోలో తెల్లకోటు వేసుకున్న మనిషి పేరును జాతీయ వైద్య కమిషన్ సైట్‌లోని డాక్టర్ల రిజిస్టరులో వెతకొచ్చు. పేరు దొరికితే ఆయన చదివింది ఏమిటో కూడా చూడాలి. ఎముకల డాక్టరు కిడ్నీ ఆహారం గురించి చెబుతుంటే అది పక్కింటి పెద్దమనిషి మాట కన్నా కొంచెం మేలు, అంతే. వీడియో కింద వివరణలో పొడి డబ్బా కొనే లింకు ఉంటే మొత్తం వీడియోను ప్రకటనగానే చూడాలి.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేసినది’ అని ఉంటే ఆ సందేశం కనీసం ఐదు చేతులు మారి వచ్చిందన్నమాట. పంపిన బాబాయి మీద నమ్మకం వేరు, సందేశం మీద నమ్మకం వేరు. రాసింది ఆయన కాదు. ప్రసిద్ధ ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు ఉండి తేదీ, లింకు లేకపోతే ఆ ఆసుపత్రి సైట్‌లో అదే సంగతి ఉందేమో చూడాలి. లేకపోతే దాన్ని ముందుకు పంపకుండా ఆపడమే చేయగలిగిన మేలు.

ఏఐ జవాబుల బలహీనత ఈ వ్యాసం మొదట్లో చెప్పిన చిక్కే. అవి అమెరికా సీసానూ మన సీసానూ కలిపి సాఫీగా ఒక వాక్యం చేసేస్తాయి. అడిగేటప్పుడు మనిషి వయసు, బరువు, గర్భిణా కాదా, ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, మన దేశంలో దొరికే మందు బలం అన్నీ ఇవ్వాలి. జవాబుకు ఆధారమైన పేజీ అడగాలి, ఆ పేజీ తెరిచి అంకె అక్కడ నిజంగా ఉందో లేదో చూడాలి. చూడకుండా మోతాదు మాత్రం తీసుకోకూడదు.

కొత్త జబ్బు వచ్చినప్పుడు

కృష్ణా, గోదావరి కాలువలు కలిసే ఏలూరులో 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. తొలిరోజుల్లో కాలువ నీళ్లు, క్లోరిన్, పురుగుమందులు అంటూ ఎవరికి తోచింది వాళ్లు రాశారు. నమూనాలు ఎయిమ్స్‌కు వెళ్లి, రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్న ఫలితం రావడానికి రోజులు పట్టింది. ఆ తర్వాత కూడా పురుగుమందుల అవశేషాల మీద పరీక్షలు కొనసాగాయి. ఇలాంటి సమయంలో కారణం తెలిసిపోయిందని మొదటి రోజే ఖాయంగా చెప్పే ఎవరినీ నమ్మనక్కర్లేదు. నమ్మదగిన ప్రకటనను గుర్తుపట్టొచ్చు: ఏ నమూనాలు తీశారు, ఏ ల్యాబ్‌కు పంపారు, ఏది కాదని తేలింది, ఏది ఇంకా తేలలేదు అని అందులో ఉంటుంది, పైన తేదీతో పాటు గంట కూడా ఉంటుంది. రెండు రోజుల తర్వాత అది మారితే అబద్ధమాడారని కాదు, కొత్త ఫలితం వచ్చిందని.

వెతకకూడని వేళలు

ఛాతీలో బరువు, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఆగని మూర్ఛ, ఊపిరి అందకపోవడం, పాము కాటు, పురుగుమందు తాగడం. వీటికి ఫోన్ ఉన్నది 108కి చేయడానికే. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అందులో స్కానింగూ ప్రయాణమూ కలిసే ఉంటాయి. లంకలో పడవ కోసం ఆగేవాళ్లకు ఆ గడువు ఇంకా చిన్నది.

మిగిలిన వేళల్లో, చదివినదాన్ని డాక్టరు ముందు పెట్టడానికి సిగ్గుపడనక్కర్లేదు. పేజీ లింకు, తేదీ దాచుకోవాలి. ప్రతి మాత్రల అట్టనూ మందు పేరు, బలం, గడువు తేదీ కనబడేలా ఫొటో తీసి ఒకే ఆల్బంలో ఉంచుకోవాలి. పసరు, లేహ్యం, నాటు మందు ఏది వాడుతున్నా చెప్పాలి. దాచడం వల్లే మందుల మధ్య పొసగక జరిగే ప్రమాదాలు దొరకవు. ‘ఈ పేజీలో చెప్పింది నాకు వర్తిస్తుందా, నా కిడ్నీ రిపోర్టు ఇది’ అని అడిగితే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు. ఈ-సంజీవని ద్వారా ప్రభుత్వ డాక్టరుతో వీడియోలో ఉచితంగా మాట్లాడొచ్చు. మందు వాడాక దద్దుర్లు, వాపు, కామెర్లు లాంటివి కనిపిస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు 1800-180-3024 అనే టోల్‌ఫ్రీ నంబరులో ఔషధ దుష్ప్రభావాల జాతీయ కార్యక్రమానికి మామూలు మనుషులు కూడా తెలియజేయొచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, లక్షణం కనిపించిన తేదీ చేతిలో ఉంచుకుని ఫోన్ చేస్తే పని త్వరగా అవుతుంది.